చక్రమునకు చేరని బలము

వాక్యభాగము: ఫిలిప్పీయులకు 4:1-3, ఎఫెసీయులకు 4:15-16



బీచుపల్లి యొద్ద 44వ నంబరు జాతీయ రహదారి కృష్ణానదిని దాటుచున్నది. ఉత్తరపు ఒడ్డున వనపర్తి జిల్లా, దక్షిణపు ఒడ్డున జోగులాంబ గద్వాల జిల్లా. ఆ వంతెనమీద రాత్రింబగళ్లు లారీలును, ట్రాక్టర్లును, లెక్కలేని మోటారు సైకిళ్లును సాగిపోవుచుండును. మన ఊళ్లవారి బండ్లకు చైనే యుండును గాని, హైదరాబాదునుండి బెంగుళూరికి పోవు దూరప్రయాణికుల పెద్ద బండ్లలో కొన్నిటికి చైను లేదు. ఇంజను బలము ఒక ఇనుప షాఫ్టు ద్వారా వెనుక చక్రమునకు పోవును. జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు 1923లోనే తమ ఆర్ 32 అను బండికి ఈ ఏర్పాటు చేసిరి.

ఈ సంగతి మనకెందుకని అనుకొనవద్దు. ట్రాక్టరుకు రోటవేటరు తగిలించు రైతు పి.టి.ఓ. షాఫ్టును ఎరుగును. దానిమీద సాధారణముగా ఆరు నిలువు పళ్లుండును. తగిలించు గొట్టము లోపల అదే కొలతకు గాళ్లుండును. ఒకటి రెండవదానిలో దూరి, అది తిరిగిన ఇది తిరుగును. వీటినే స్ప్లైన్లందురు. మన బండి కిక్ రాడ్డు బిగించుచోటను ఇట్టి సన్నని పళ్లే యున్నవి.

షాఫ్టు బండిలో ఈ పళ్లకు రెండు పనులు గలవు. బలమును అందించుటకు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనవలెను. గుంతలలో చక్రము పైకి క్రిందికి ఆడునప్పుడు ఒకదానిలో ఒకటి కొంచెము జరుగుచుండవలెను. ఆ కొద్దిపాటి కదలికయే ఇనుమును తినివేయును. బరువుతో ఒత్తుకొనుచు రాసికొనుటవలన నడుమనున్న గ్రీజు ప్రక్కకు నెట్టబడును. అప్పుడు ఇనుము ఇనుమును తాకును. రాలిన పొడి తుప్పుపట్టి ఎర్రని ధూళియగును. ఆ ధూళియే ఆకురాయివలె తిరిగి పళ్లను అరగదీయును. రబ్బరు సీలు చిరిగి వాననీరు దిగినయెడల నాశనము మరి త్వరగా వచ్చును.

చైను ఎండిన యెడల కిరకిరలాడును, వదులైన యెడల కొట్టుకొనును. స్ప్లైన్లు మూతలోపల మౌనముగా అరుగును. ఒకనాడు పళ్లు తెగును. ఇంజనుకు లోపము లేదు, పెట్రోలున్నది, గేరు పడుచున్నది. ఆక్సిలేటరు త్రిప్పగా ఇంజను గర్జించుచున్నది. చక్రము మాత్రము కదలదు. వంతెన నడుమ, వెనుక లారీలు వచ్చుచుండగా ఇట్లు జరిగినయెడల ఏమగునో మీరే తలంచుడి.

1980లలో వచ్చిన కె 75, కె 100 అను బి.ఎం.డబ్ల్యు. బండ్లను ఉంచుకొన్నవారు ఈ భయమును ఎరుగుదురు. గనుక మంచి మెకానిక్కు, వెనుక టైరు మార్చు వేళనే ఆ కీలునుగూడ విప్పును. పాత గ్రీజును తుడిచి పళ్ల కొనలు చూచును. కొనలు బల్లపరుపుగానున్న మేలు. రంపపు పళ్లవలె మొనదేలిన యెడల వాటి కాలము సమీపించినది. తరువాత మాలిబ్డినం డైసల్ఫైడు కలిసిన నల్లని ముద్దను పలుచగా పూయును. మామూలు గ్రీజు తొలగిపోయినచోటను ఈ నలుపు ఇనుమును అంటిపెట్టుకొని యుండును. ఎక్కువ పూయుటయు కీడే. క్లచ్చు ప్రక్క పళ్లకు దట్టముగా పెట్టిన యెడల, తిరుగుడు వేగమునకు అది ఎగిరి క్లచ్చు ప్లేటుమీద పడి, పట్టవలసినది జారిపోవును. అత్యుత్సాహి చేయు పాడు సోమరి చేయుదానికి తీసిపోదు.

ఇప్పుడు ఫిలిప్పీ సంఘమును చూడుడి. అది పౌలు మిక్కిలి ప్రేమించిన సంఘము, అతని అక్కరలకు పలుమార్లు సహాయము పంపిన సంఘము. బలమునకు కొదువలేదు. అయితే యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీల నడుమ ఏదో ఎండిపోయెను. వీరు వెనుక చాపమీద కూర్చుండి పోవువారు కారు. సువార్తపనిలో తనతోకూడ ప్రయాసపడినవారని అపొస్తలుడే చెప్పుచున్నాడు. అరుగుదల దూరస్థుల నడుమ రాదు. ఒక్క పనికి జతచేయబడి, ఒకరి బరువు ఒకరు మోయువారి నడుమనే వచ్చును. పౌలు తగవునకు కారణము వ్రాయలేదు, తప్పెవరిదో తేల్చలేదు. గ్రీకు మూలములో బతిమాలుకొనుట అను మాటను ఇద్దరికిని వేరువేరుగా వాడెను. వారికి సహాయము చేయుమని మూడవవానిని పిలిచెను. ఎఫెసీయులకు వ్రాసినప్పుడును, శరీరమంతయు కీళ్లద్వారా అతుకబడి వృద్ధిపొందునని చెప్పెను. సంఘబలము ప్రసంగవేదికయొద్ద ఆగునది కాదు, కీళ్లగుండా పోవలసినది.

మన సంఘములలో ఏండ్ల తరబడి ఒకే కమిటీలోనున్న పెద్దలిద్దరు ఒకరి ముఖము ఒకరు చూడరు. పొలముగట్టు దగ్గర అన్నదమ్ములకు మాటలు తెగినవి. ఆదివారము అందరును వత్తురు, పాడుదురు, కానుక వేయుదురు. లోపల ఎర్రధూళి. ఇంజను గర్జించుచునే యున్నది: క్రిస్మసుకు పందిరి వేసితిమి, మైకు పెట్టితిమి. ప్రక్కవీధిలో మంచమెక్కిన విధవరాలి ఇంటికి మాత్రము ఎవరును పోలేదు, ఎందుకనగా ఆ ఇద్దరు పెద్దలు కలిసి పోవలసియుండెను. ఆమెకు మన పాట వినబడినది, గంజి చేరలేదు.

ఇందుకు పదిమందిని పోగుచేసి పంచాయతీ పెట్టి మాటలు కుమ్మరించుట, క్లచ్చుమీద గ్రీజు పోయుటవంటిది. ఇంకను పళ్లున్నచోట కొద్దిమాట చాలును: అన్నా, పిల్లవాని జ్వరము తగ్గినదా? పళ్లు అరిగినచోట మాత్రము ఎంత పూసినను అవి తిరిగి మొలవవు, మార్చవలసినదే. జరిపిన గట్టును మరల వెనుకకు జరుపవలెను. జక్కయ్య క్షమాపణతో సరిపెట్టక, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను.

బలిపీఠమునొద్ద అర్పణము విడిచిపెట్టి మొదట సహోదరునియొద్దకు వెళ్లుమని మన ప్రభువు మత్తయి సువార్త 5వ అధ్యాయములో ఆజ్ఞాపించెను. వచ్చు ఆదివారము ప్రభురాత్రి భోజనమున్నది. శనివారము సాయంకాలము, పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొనిన తరువాత, ఆ ఇంటికి పోయి వచ్చుటకు వేళ చాలును. పెద్దలిద్దరును సమాధానపడిన యెడల, అటునుండి అటే ఆ విధవరాలి ఇంటికి నడువవచ్చును.