పడిపోయినవారికి తలుపు



ఆది సంఘము పొందిన హింసలను తలంచునప్పుడు, ప్రాణములను లెక్కచేయక నిలిచిన హతసాక్షులే మన జ్ఞాపకమునకు వత్తురు. అయితే ఆ దినములలో నిలువలేక పడిపోయినవారును అనేకులుండిరి. వారిని గూర్చి మనము అంతగా చెప్పుకొనము. నిలిచినవారు పడినవారిని ఏమి చేయవలెను? ఈ ప్రశ్న నాటి సంఘమును చీల్చినంత పని చేసెను.

క్రీ.శ. 250వ సంవత్సరమున రోమా చక్రవర్తియైన డెసియస్ ఆజ్ఞ ప్రకారము జనులు దేవతలకు బలి అర్పించి, అట్లు చేసితిమని అధికారులచేత చీటి వ్రాయించుకొనవలసి వచ్చెను. అట్టి చీటీలు కొన్ని ఐగుప్తులో దొరకి నేటికిని నిలిచియున్నవి. ఆ యేడే రోమా సంఘాధ్యక్షుడైన ఫేబియన్ హతసాక్షి ఆయెను. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి పట్టణములో విశ్వాసులు అనేకులు భయపడి బలి అర్పించిరి. కొందరు బలి అర్పింపకయే లంచమిచ్చి చీటి కొనుక్కొనిరి. అక్కడి సంఘాధ్యక్షుడైన సిప్రియన్ దాగియుండి, ఉత్తరముల ద్వారా సంఘమును నడిపించెను. అందుకై ఆయనను నిందించినవారును కలరు.

హింస తగ్గగానే, పడినవారు తిరిగి సంఘములో చేరగోరిరి. చెరలో శ్రమపడినవారి సిఫారసు ఉత్తరములున్నవి గనుక వెంటనే చేర్చుకొనుడని కొందరనిరి. రోమాలో నొవేషియన్ అను పెద్ద, సంఘము వారిని మరల ఎన్నడును చేర్చుకొనరాదనెను. క్రీ.శ. 251లో కార్తేజిలో కూడిన సంఘాధ్యక్షులు ఈ రెండు మార్గములను విడిచిరి. పుండు కడుగక కట్టు కట్టినయెడల లోపల కుళ్లును. కట్టు కట్టకయే విడిచినయెడల మనిషి చచ్చును. గనుక ఒక్కొక్కరి సంగతి విచారించి, పశ్చాత్తాపమును చూచి, చేర్చుకొనుటకు తీర్మానించిరి. బలి అర్పించినవారు దీర్ఘకాలము పశ్చాత్తాపములో నుండవలెననిరి. కొద్దికాలమునకు మరియొక హింస రానున్నదని తోచినప్పుడు, పశ్చాత్తాపపడుచున్న వారినందరిని చేర్చుకొనిరి. ప్రభువు కొరకు రక్తము చిందించుమని పిలుచుచు, ప్రభువు పాత్రను వారికి ఇయ్యకుండుట ఎట్లని వారు తలంచిరి.

ఒకప్పుడు దాగుకొనిన సిప్రియన్ క్రీ.శ. 258లో ఖడ్గమునకు తల వంచెను. ఒక దినమున మనిషి చేసినదానినిబట్టి అతని జీవితమంతయు తీర్పు తీర్చుటకు మనమెవరము?

పేతురు సంగతి చూడుడి. అతడు బొంకకమునుపే ప్రభువు అతని కొరకు ప్రార్థించెను. జల్లెడ పట్టబడకుండునట్లు కాదు, నమ్మిక తప్పిపోకుండునట్లు ప్రార్థించెను. తిరిగిన తరువాత సహోదరులను స్థిరపరచుమని పని కూడ అప్పగించెను. పడుటకు ముందే లేచుటకు ప్రార్థన జరిగెను.

కొన్ని సంవత్సరముల క్రిందట, బంధువుల ఒత్తిడికి లొంగి సంఘమును విడిచిన ఒకడు, ఆదివారము సాయంకాలము గుడి బయట వేపచెట్టు క్రింద నిలిచి పాట వినుచుండెను. నేను చూచియు లోపలికి పిలువలేదు. అతడే రానిమ్ము అనుకొంటిని. మూడు వారములు నిలిచి, నాలుగవ వారము రాలేదు. పడినది అతడు, తలుపు దగ్గర తప్పిపోయినది నేను. తరువాత అతని యింటికి వెళ్లితిని గాని, ఆ మూడు వారములను తిరిగి తెచ్చుకొనలేకపోతిని.

ప్రియులారా, మనము నిలిచియున్నామంటే అది కృపయే గాని మన బలము కాదు. ఈ నెలలో ప్రతి కుటుంబము, దూరమైన ఒక్కరి పేరు కుటుంబ ప్రార్థనలో దేవునికి చెప్పుకొనవలెను. నిందించుటకు కాదు, ప్రార్థించి వారి గడపకు వెళ్లుటకే. వారి పాపమును చిన్నదిగా చెప్పకుడి. ప్రభువు కృపను అంతకంటె చిన్నదిగా చేయకుడి. ఆయన మనకు సహాయము చేయును గాక. ఆమేన్.