యాచనా ధర్మము

సకల లోకములకు నాథుడైన శ్రీమహావిష్ణువు ఒకనాడు చేయి చాచెను. ఇచ్చుటయే గాని అడుగుట యెరుగని స్వామి వటురూపమున, గొడుగును కమండలువును ధరించి, బలిచక్రవర్తి యజ్ఞవాటికకు నడచివచ్చి మూడడుగుల నేలను యాచించెను. ఇచ్చు చేయి పైన, పుచ్చుకొను చేయి క్రింద నుండుట లోకమర్యాద. ఆ క్రింది చేయి ఆనాడు భగవంతునిదయ్యెను.

దానమును గూర్చి శాస్త్రములు విస్తారముగా చెప్పినవి. ఏ దేశమున, ఏ కాలమున, ఎట్టి పాత్రునకు, ఏ భావముతో ఈయవలెనో భగవద్గీత పదునేడవ అధ్యాయము సాత్త్విక రాజస తామస భేదములతో వివరించినది. దాత ధర్మము ఇట్లు స్పష్టమే. మరి అడుగువాని ధర్మమేమి? యాచన అంతయు హీనమేనా? పరుల మేలు కొరకు అడుగునపుడు సత్యమును కొంత సడలించుకొనవచ్చునా? దేవాలయములకు, పాఠశాలలకు, అన్నసత్రములకు ధర్మనిధుల సహాయమును కోరుచు విన్నపములు వ్రాయు వారందరును ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనక తప్పదు.

ఈ విచారణకు ఉత్తరాంధ్రము తగిన క్షేత్రము. సింహాద్రి అప్పన్న, శ్రీకూర్మనాథుడు, రామతీర్థమున వెలసిన శ్రీరామచంద్రుడు కొలువైన ఈ సీమలో, విజయనగర పూసపాటి వంశమువారి దాతృత్వము తరతరములుగా ప్రసిద్ధము. వారి ద్వారమునకు వచ్చిన విన్నపములు ఎన్నియో. వానిలో ఒకటి సముద్రములకు ఆవలి విద్వాంసునిది. మాక్స్ ముల్లర్ పండితుడు సాయణభాష్య సహితముగా ఋగ్వేదమును 1849 మొదలు 1874 వరకు ఆరు సంపుటములుగా ప్రకటించెను. ఆ కార్యము ఈస్టిండియా కంపెనీ ద్రవ్యముతో ఆరంభమైనది. ద్వితీయ ముద్రణము 1890-92 సంవత్సరములలో నాలుగు సంపుటములుగా వెలువడినపుడు, దానికి పోషకులు విజయనగర ప్రభువులైన ఆనందగజపతి మహారాజావారు. అంతటి పండితునకును అన్యుల ద్రవ్యము ఆవశ్యకమయ్యెను. ఆయన పొందిన ధనము ఆయన ఇంటికి చేరలేదు, అచ్చుయంత్రమునకు చేరినది. గ్రంథము లోకమునకు చేరినది.

విజయనగరమున పెద్దలు చెప్పుకొను మరియొక వృత్తాంతము గలదు. మహారాజావారి కొలువులోని ఒక ఉద్యోగికి అంధుడైన కుమారుడుండెను. ఆ బాలునకు సంగీతమునందు ఆసక్తి మెండు. వానిని దూరదేశమునకు పంపి సంగీతము నేర్పించుటకు సహాయము చేయవలసినదని ఆ తండ్రి ప్రభువును వేడుకొనెను. ఒక్క బాలునకు వేతనమిచ్చి పంపుట కంటె, అట్టి పిల్లలందరకును ఇచ్చటనే పాఠశాల నేర్పరచుట మేలని ప్రభువు తలచెననియు, 1919లో విజయరామగజపతి మహారాజావారు స్థాపించిన సంగీత పాఠశాల పుట్టుక అట్టిదనియు చెప్పుదురు. హరికథా పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు దానికి ప్రథమాధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు అచ్చట వాయులీనాచార్యుడు. ఒక తండ్రి సిగ్గువిడిచి అడిగిన చిన్న కోరిక నూరేండ్లు దాటిన విద్యాలయమైనది. ఆ తండ్రి తన గౌరవమును తలచుకొని మౌనము వహించియుండినచో నష్టము ఒక్క బాలునితో పోయెడిది కాదు.

అదే ఊరిలో సంగీతము నభ్యసించిన ఘంటసాల వేంకటేశ్వరరావు, విద్యార్థి దశలో ఇంటింట మధుకరమెత్తి ఆకలి తీర్చుకొనెను. పట్రాయని సీతారామశాస్త్రిగారి శుశ్రూషలో విద్య నేర్చెను. భ్రమరము ప్రతి పువ్వునుండియు ఇంచుకంత తేనెను గ్రహించును గాని ఏ పువ్వును నలుపదు. మధుకరమను మాటలోనే యాచకుని నియమము ఇమిడియున్నది. ఆనాడు ఆ జోలెలో ముద్ద వేసిన గృహిణులకు తాము ఏ కంఠమును పోషించుచున్నారో తెలియదు. అనంతర కాలమున ఆ కంఠమే తెలుగువారి ఇండ్లలో భగవద్గీతను వినిపించినది.

కావున యాచన స్వతస్సిద్ధముగా హీనము కాదు. దేని కొరకు, ఎంత, ఎట్లు అను మూడు ప్రశ్నలే దాని గుణమును నిర్ణయించును.

కాలము మారినది. ప్రభువు సముఖమున నిలిచి చేతులు జోడించు పద్ధతి పోయినది. పూసపాటి విజయరామ గజపతిరాజు (పి.వి.జి. రాజు) తమ తండ్రి అలక్ నారాయణ గజపతి స్మృత్యర్థము 1958లో మాన్సాస్ సంస్థను స్థాపించి, విస్తారమైన భూములను విద్యాదానమునకై అర్పించిరి. రాజులు నివసించిన కోట విద్యార్థుల పాలైనది. రాజాములో పుట్టిపెరిగిన పారిశ్రామికుడు నెలకొల్పిన జి.ఎం.ఆర్. వరలక్ష్మి ఫౌండేషన్ విద్య, వైద్యము, జీవనోపాధి రంగములలో పనిచేయుచున్నది. పూర్వము శ్రీకాకుళము జిల్లాలోనిదైన ఆ ఊరు 2022 నుండి విజయనగరము జిల్లాలో చేరినది. నిర్ణీత పరిమాణమును మించిన కంపెనీలు, గడచిన మూడేండ్ల సగటు లాభములో రెండు శాతమును సమాజహితమునకు వ్యయింపవలెనని 2013 కంపెనీల చట్టము విధించినది. పన్ను మినహాయింపు పొందిన ధర్మసంస్థ తన ఆదాయములో సాధారణముగా 85 శాతమునకు తగ్గకుండ ధర్మకార్యములకు వినియోగింపవలెనని ఆదాయపు పన్ను నిబంధన. ఇచ్చువారికే లెక్కలున్నపుడు పుచ్చుకొనువారికి లెక్క లేకుండునా? సంఘము రిజిస్టరైనదా, గడచిన సంవత్సరముల జమాఖర్చులు ఆడిటైనవా, కార్యము వలన ఎందరికి మేలు, ఎంత వ్యయము, అందు గ్రామస్థుల వంతెంత, సహాయము నిలిచిన పిమ్మట పని నడుపువారెవ్వరు అని అడుగుదురు. కొందరికి ఈ ప్రశ్నలు అవమానముగా తోచును. విచారించిన ఇవి అవమానములు కావు. అడుగువాని మనస్సును వానికే చూపించు అద్దములు.

ఒక దృష్టాంతమును ఊహింపవచ్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము తీరమును తాకినపుడు ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలినవి. ఆ సీమలో ఒక చిన్న గ్రామము. అందు ఒక వేణుగోపాలస్వామి కోవెల. గాలికి వంటశాల పైకప్పు ఎగిరిపోయినది. ఆ వంటశాలలో వండిన ప్రసాదమునే సాయంకాలము కోవెల అరుగుపై చదువుకొను అరువది మంది పిల్లలు భుజించెడివారు. తోటలు పోయిన ఊరు కప్పు వేయించుకొనలేకపోయినది. ఒక ధర్మనిధికి విన్నపము వ్రాయవలెనని సంఘమువారు కూర్చుండిరి. చదువుకొన్న యువకుడొకడు కలము పట్టెను. పిల్లలెందరు అను గడి వచ్చినపుడు వాని చేయి ఆగెను.

"అరువది యని వ్రాసిన ఎవరును చూడరు తాతగారూ! పొరుగూరివారు మూడు వందలని వ్రాసిరట. మనము రెండు వందలని వ్రాయుదము. మన జేబులోనికి తీసికొనుచున్నామా? స్వామి కొరకే గదా" యనెను.

వృద్ధార్చకుడు, "ఆ కాగితము క్రింద సంతకము ఎవరి పేరున నాయనా?" అని యడిగెను.

"స్వామివారి కోవెల పేరుననే."

"అయినచో ఆ అబద్ధము నీది కాదు, నాది కాదు. స్వామి చేత ఆడించినట్లగును."

యువకుడు వెనుదీయలేదు. "మూడడుగులని చెప్పి స్వామి ముల్లోకములు గైకొనలేదా? తక్కువ చెప్పి ఎక్కువ తీసికొనినను, ఎక్కువ చెప్పి తగినంత తీసికొనినను భేదమేమి?" యనెను.

ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. శుక్రాచార్యుడును బలిని ఈ విషయముననే హెచ్చరించెను. కాని స్వామి గైకొనినది తనదే. జగమంతయు ఆయన సొత్తు. అన్యుని సొమ్మును నేర్పుతో పొందుటకు ఆ చరిత్ర ప్రమాణము కానేరదు. అంతియే కాదు, అంతయు గైకొనిన స్వామి బలికి సుతలమునిచ్చి, తానే వాని ద్వారమున కావలి నిలిచెను. మూడడుగులని యడిగి ముల్లోకములు గైకొని, పిమ్మట దాత వాకిట జీవితాంతము కావలి నిలువగల యాచకుడున్నచో వాడు వామనుని సాక్ష్యము పిలువవచ్చును. తక్కినవారు వామనుని యందు నేర్వవలసినది ఒక్కటే. ఆయన అడుగునపుడు తన్ను తాను చిన్నగా చేసికొనెను.

మనుష్య యాచకునకు ఆదర్శము కౌత్సుడు. కాళిదాసు రఘువంశము ఐదవ సర్గలో ఈ కథ గలదు. గురుదక్షిణగా పదునాలుగు కోట్లు చెల్లింపవలసిన కౌత్సుడు రఘుమహారాజు నాశ్రయించెను. విశ్వజిద్యాగమున సర్వస్వము దానము చేసి మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చుచున్న రాజును చూచి, అడుగకయే మరలిపోవ నుద్యమించెను. దాత స్థితి నెరిగి వెనుదిరుగుట యాచకుని ప్రథమ గుణము. రఘువు వానిని ఆపి కుబేరునిపై దండయాత్రకు సంకల్పింపగా, రాత్రికి రాత్రి కోశాగారమున కనకవర్షము కురిసెను. అంతయు నీదే యని రాజు, గురువున కీయవలసిన దానికంటె ఎక్కువ నాకు వలదని శిష్యుడు. అయోధ్యా వాసులు ఇరువురిని సమముగా కొనియాడిరి. ఇచ్చట దాతయు యాచకుడును ఒక్కయెత్తున నిలిచిరి.

గ్రామము విషయమునకు వత్తము. అరువదిని రెండు వందలు చేసిన దోషము సత్యభంగముతో ముగియదు. ఎంతటి సంపన్నుల ధర్మనిధియైనను దానికి ఒక హద్దు గలదు. ఒక ఊరు లేని నూటనలువది మందికి అన్నము కోరినచో, మరియొక చోట నిజముగా ఆకలిగొని యున్న నూటనలువది మంది విస్తళ్లు తొలగినట్లే. ఆ పిల్లలు కంటికి కనబడరు గనుక పాపము తేలికగా తోచును. అదియును గాక, ఒక్కసారి వ్రాసిన సంఖ్యను ప్రతి సంవత్సరము నిలుపుకొనవలెను. హాజరుపట్టీ దిద్దవలెను. పరిశీలకులు వచ్చు దినమున పొరుగు వీధుల పిల్లలను తెచ్చి కూర్చుండబెట్టవలెను. అరుగుపై రామాయణము చెప్పు కోవెలయే ఆ పిల్లలకు బొంకుట నేర్పును. కప్పు నిలుచును గాని, దాని క్రింద చెప్పు చదువు నిలువదు.

దోషమంతయు అడుగువానిదే యనుట న్యాయము కాదు. పెద్ద సంఖ్యలను మాత్రమే చూచి చిన్న ఊళ్ల విన్నపములను ప్రక్కకు నెట్టు దాత, ఆ అబద్ధమునందు భాగస్వామి యగును. వంటశాల అడిగిన వారికి తన పేరు చెక్కిన స్వాగత తోరణమునే కట్టింతునను దాతయు అట్టివాడే. శ్రద్ధతో, వినయముతో, తెలివిడితో ఈయవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. తెలివిడి యనగా అడుగువాని మాట లోతును తెలిసికొనుట. ధనవంతుడు తన ధనమునకు యజమాని కాడు, స్వామి నిధికి కావలివాడని వైష్ణవ సిద్ధాంతము. కావలివాడు ఇచ్చునపుడు గర్వింపనక్కరలేదు. అట్లే కావలివాని నడుగువాడు కుంగిపోనక్కరలేదు.

పేరు చెక్కుట తప్పా యను సందేహము కలుగవచ్చును. సింహాచలము, శ్రీకూర్మము ఆలయములందలి శిలాశాసనములను చదివినవారికి సమాధానము దొరకును. 1516లో సింహాద్రినాథుని సేవించిన శ్రీకృష్ణదేవరాయలు సమర్పించిన ఆభరణములు శాసనమునకెక్కినవి. అట్టి శాసనములు ఇచ్చినదెవ్వరో, ఏమి ఇచ్చిరో, ఏ కైంకర్యమునకో చెప్పును. దానమును హరించువానికి కలుగు దోషమును గూడ తరచు చెప్పును. ఆ రాయి దాత కీర్తి కొరకు మాత్రమే కాదు, పుచ్చుకొన్నవారి బాధ్యతకు సాక్షి. నేటి జమాఖర్చుల పుస్తకము ఆ రాతికి మనుమడు. దీపమునకై వచ్చిన నేతిని దీపమునకే వాడితిమని చూపుట దేవతారాధనలో భాగమే.

ఆ గ్రామమువారు అరువది యనియే వ్రాసి పంపిరనుకొందము. సహాయము తప్పక వచ్చునని చెప్పుటకు వీలులేదు. సత్యము పలికిన వెంటనే ఫలము చేతికందునని చెప్పుట సత్యమునకు ధర కట్టుటయే యగును. రాకపోయినచో ఇంటింట పిడికెడు బియ్యము చొప్పున కూర్చుకొని, తాటియాకులతో కప్పు వేసికొని, మరుసటి యేడు మరల అదే సంఖ్యతో విన్నపము వ్రాయవలసి యుండును. వాన కురిసిన నాడు కొందరు పిల్లలు పస్తుండవచ్చును. ఆ కష్టము నిజమైనది, దానిని మాటలతో కప్పరాదు. కాని ఆ ఊరిలో ఎవ్వరును స్వామి ముఖమును చూచుటకు తల దించుకొననక్కరలేదు. సహాయము వచ్చినచో, వచ్చిన ప్రతి రూపాయి నిజమైన ఒక బాలుని విస్తరిలోనికే చేరును.

అడుగువాడు తన్ను తగ్గించుకొనవలెను గాని సత్యమును పెంచరాదు. ఆవశ్యకమైనంతయే కోరవలెను. కోరిన దానికే వినియోగింపవలెను. మిగిలినది మరల చూపవలెను. ఇట్టి యాచన కైంకర్యమే యగును. బలి వాకిట చాచిన ఆ చేయి అట్టి విన్నపము వ్రాయు చేతిని విడువక కాపాడు గాక!