టికెట్టు ఎవరికి దక్కాలి: నాటకం, కొరత, న్యాయం

నాటకానికి కుర్చీలు ఎప్పుడూ తక్కువే. సినిమాను ఒకే రోజు వెయ్యి హాళ్లలో ఆడించవచ్చు, పుస్తకాన్ని కావలసినన్ని ప్రతులు అచ్చు వేయవచ్చు. నటుడు మాత్రం ఒక రాత్రి ఒక్క రంగస్థలం మీదే ఉండగలడు. అతని గొంతు అందినంత మేర, ముఖంలో భావం కనిపించినంత మేరే జనం కూర్చోగలరు. ఈ సంగతిని భరతుడి నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలోనే తేల్చి చెప్పింది. 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల ప్రేక్షాగృహం మనుషులకు తగినదని, అంతకు మించితే మాట స్పష్టత కోల్పోతుందని, ముఖంలోని భావాలు ఆనవని అందులో ఉంది. హస్తమంటే మూర. మూరకు అడుగున్నర చొప్పున లెక్కేస్తే ఆ హాలు 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు ఉంటుంది. అంటే కుర్చీల కొరత నాటక కళ స్వభావంలోనే ఉంది.

మంచి నాటకమని పేరు రాగానే ఆ కొరత పైకి తేలుతుంది. టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి, బ్లాకులో ధర పదింతలవుతుంది, దొరికినవారు పండగ చేసుకుంటారు, దొరకనివారు నెలల తరబడి ఎదురుచూస్తారు. ఇక్కడ రెండు తాత్త్విక ప్రశ్నలు పుడతాయి. ఉన్న కొద్ది కుర్చీలు ఎవరికి దక్కడం న్యాయం? ఇంత ఆరాటపడి లోపలికి వెళ్లిన మనిషి నాటకాన్ని నిజంగా చూడగలడా? మొదటిది ధర్మానికి, రెండోది మనసుకు సంబంధించినవి. రెండూ ఒకదాంట్లో ఒకటి పెనవేసుకున్నవే.

అందరి కోసం పుట్టిన కళ

నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఇంద్రాది దేవతలు బ్రహ్మను ఒక వినోదం అడుగుతారు. కళ్లతో చూడదగినది, చెవులతో వినదగినది, అన్ని వర్ణాలవారికీ చెందేది కావాలంటారు. వేదాధ్యయనానికి దూరంగా ఉంచిన వారికి కూడా అందాలన్నది ఆ కోరికలోని ముఖ్యాంశం. అలా నాట్యం ఐదో వేదంగా పుట్టింది. అయితే తొలి ప్రదర్శనలో తమ ఓటమిని చూపించారని అసురులు ఆగ్రహించారు. వారి పక్షాన విఘ్నులు వచ్చి నటుల మాటను, కదలికను, జ్ఞాపకాన్ని స్తంభింపజేశారు. ఆ తరువాతే ప్రదర్శనకు రక్షణ కావాలని విశ్వకర్మ చేత నాట్యగృహం కట్టించారు. కథలోని క్రమం గమనించదగ్గది: అందరిదీ అన్న మాట ముందు వచ్చింది, గోడలు తరువాత వచ్చాయి. గోడ ప్రదర్శనను కాపాడుతుంది, అదే గోడ కొందరిని బయట ఉంచుతుంది.

ప్రాచీన ఏథెన్సులోనూ నాటకం దైవకార్యమే. డయొనైసస్ దేవుడి ఉత్సవంలో భాగంగా విషాదాంత నాటకాలు ఆడేవారు, ముందు వరుసలోని గౌరవాసనం ఆ దేవుడి పూజారిది. పేద పౌరుడు ప్రవేశ రుసుము కట్టలేక ఆగిపోకూడదని నగరం ఒక నిధి నుంచి డబ్బు ఇచ్చేది. రోజుకు రెండు ఒబోల్ నాణేలుగా చెప్పే ఈ ఏర్పాటు ఏథెన్సు నాయకుడు పెరిక్లీస్‌తో మొదలైందని ప్రాచీన రచయిత ప్లూటార్క్ రాశాడు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆ నిధిని సైన్యానికి మళ్లించాలా వద్దా అన్నది పెద్ద రాజకీయ వివాదమైంది. నాటకం చూడటం పౌరుడి జీవితంలో భాగమని ఆ సమాజం నమ్మింది కాబట్టే దాని మీద అంత పోరు జరిగింది.

తెలుగునాట కూచిపూడి భాగవతులు గుడి ముందు, వీధి కూడలిలో ఆడిన కలాపాలకు టికెట్టు లేదు. వీధి భాగవతానికి తలుపు లేదు కాబట్టి ఆపేవారూ లేరు. పందిరి వేసి ఆడే నాటకాలు వచ్చాక నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు ఏర్పడ్డాయి. నేల టికెట్టు పేదవాడికి నాటకాన్ని అందుబాటులో ఉంచింది, అంతస్తుల తేడాను లోపలికి తెచ్చింది కూడా.

ఉచిత టికెట్టుకు ధర

ఈ ప్రశ్నను మన కాలంలో బాగా చూపించే ఉదాహరణ న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని డెలకోర్ట్ థియేటర్. నాటక నిర్మాత జోసెఫ్ పాప్ 1950లలో షేక్‌స్పియర్ నాటకాలను జనానికి ఉచితంగా చూపించడం మొదలుపెట్టాడు. జనం తాకిడికి పార్కులో గడ్డి పాడవుతోందని, ఆ ఖర్చు కోసం ప్రవేశ రుసుము వసూలు చేయాలని 1959లో నగర పార్కుల అధిపతి రాబర్ట్ మోజెస్ పట్టుబట్టాడు. పాప్ ఒప్పుకోలేదు, కోర్టుకు వెళ్లి నెగ్గాడు. 1962లో అక్కడే ఆరుబయట శాశ్వత రంగస్థలం వెలిసింది. మొదటి నాటకం ‘ది మర్చంట్ ఆఫ్ వెనిస్’.

2010 వేసవిలో అదే నాటకం అదే వేదిక మీద మళ్లీ వచ్చింది. అందులోని వడ్డీ వ్యాపారి షైలాక్ పాత్రలో నటుడు అల్ పచీనో నటిస్తున్నాడు. టికెట్టు ఉచితమే, కానీ వరుసలో నిలబడాలి. తెల్లవారకముందే జనం దుప్పట్లతో, మడత కుర్చీలతో చేరి మధ్యాహ్నం దాకా కాచుకుని ఉండేవారు. ఆ తీరిక లేనివారు డబ్బిచ్చి తమ బదులు మరొకరిని వరుసలో నిలబెట్టారు. ఈ కూలి 125 డాలర్ల దాకా వెళ్లింది. నిర్వాహకులు అభ్యంతరం చెప్పారు. రాష్ట్ర అటార్నీ జనరల్ ఆండ్రూ క్యూమో ఇంటర్నెట్‌లో అలాంటి ప్రకటనలను ఆపించే ప్రయత్నం చేశాడు. అప్పు తీర్చలేనివాడి ఒంటి నుంచి పౌను మాంసం కోసుకునే హక్కు ఒప్పందం వల్ల వస్తుందా, డబ్బు లావాదేవీకి హద్దు ఎక్కడ అని అడిగే నాటకానికే ఇలా జరిగింది.

హార్వర్డ్ తత్త్వవేత్త మైకేల్ శాండెల్ 2012లో వెలువరించిన ‘వాట్ మనీ కాంట్ బై’లో ఈ ఉదంతాన్ని చర్చించాడు. డబ్బిచ్చి మనిషిని నిలబెట్టుకోవడంలో తప్పేముందని మార్కెట్ వాదులు అడుగుతారు. కొన్నవాడికి టికెట్టు దక్కింది, నిలబడ్డవాడికి కూలి దక్కింది, ఇద్దరూ సంతోషించారు, ఎవరికీ నష్టం లేదంటారు. శాండెల్ జవాబులో రెండు భాగాలున్నాయి. మొదటిది, ఎంత ధరకైనా సిద్ధపడటం కోరిక లోతును మాత్రమే చూపదు, జేబు లోతును కూడా చూపుతుంది. రెండోది, నగరం తన ప్రజలకు కానుకగా ఇచ్చిన ఉత్సవాన్ని అమ్మకపు సరుకు చేస్తే ఆ ఉత్సవం స్వభావమే మారిపోతుంది. ఈ రెండో వాదనే లోతైనది. పంచే పద్ధతి పంచుతున్న వస్తువును మార్చగలదు.

ధర, వరుస, లాటరీ

తక్కువ ఉన్నదాన్ని ఎక్కువమందికి పంచడానికి మనుషులకు తెలిసిన దారులు ప్రధానంగా మూడు. ధర డబ్బున్నవారి వైపు మొగ్గుతుంది. వరుస సమానంగా కనిపిస్తుంది కానీ తీరిక ఉన్నవారి వైపు మొగ్గుతుంది: రోజు కూలీ పనివాడు, చంటిబిడ్డ తల్లి, నిలబడలేని వృద్ధుడు అందులో ఓడిపోతారు. లాటరీ ఎవరి వైపూ మొగ్గదు. కానీ ఆ నాటకం కోసం ఏళ్లుగా తపించినవాడినీ, సరదాకు పేరు రాసినవాడినీ అది ఒకే కంటితో చూస్తుంది. మూడింటిలో ప్రతిదానిలోనూ కొంత న్యాయం, కొంత అన్యాయం ఉన్నాయి.

వీటిలో ధర, లాటరీ రెండూ ఒకేచోట కనిపించిన నాటకం ‘హామిల్టన్’. అమెరికా స్థాపకుల్లో ఒకరైన అలెగ్జాండర్ హామిల్టన్ జీవితం మీద లిన్-మాన్యువల్ మిరండా రాసిన ఈ సంగీత నాటకం 2015లో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌లో మొదలైంది. పాప్ స్థాపించిన సంస్థ అదే. ఆ ఆగస్టులో బ్రాడ్‌వేలోని రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్‌కు మారింది. అక్కడ ఉన్నవి సుమారు 1,300 కుర్చీలు. కంప్యూటర్ ప్రోగ్రాములతో టికెట్లను మూకుమ్మడిగా ఎగరేసుకుపోయి మళ్లీ అమ్మే దళారుల చేతిలో ధర వేల డాలర్లకు చేరింది. 2016లో నిర్మాతలు అత్యుత్తమ కుర్చీల ధరను 849 డాలర్లు చేశారు, లాటరీలో 10 డాలర్లకు ఇచ్చే కుర్చీలను 46కు పెంచారు. హామిల్టన్ బొమ్మ ఉన్నది 10 డాలర్ల నోటు మీదే. దళారికి పోయే లాభం నాటకం వారికే రావాలని, దానితోపాటు పేదవాడికి కొన్ని కుర్చీలు మిగలాలన్నది ఈ రెండు చర్యల వెనుక ఉన్న ఆలోచన. అలాంటి ప్రోగ్రాములను నిషేధించే చట్టం అమెరికాలో 2016 డిసెంబరులో వచ్చింది.

దళారీ వ్యవహారంలో తప్పు ఎక్కడుందో ఇక్కడ స్పష్టమవుతుంది. దళారి నాటకానికి ఏమీ చేర్చడు. కొత్త కుర్చీ వేయడు, కొత్త ప్రదర్శన పెట్టడు. ఉన్న కొరతను మరింత బిగించి, ఆ బిగింపుకు అద్దె వసూలు చేస్తాడు.

ఇతరుల కోరికను కోరడం

దొరకని వస్తువు మీద మనసు ఎందుకంత లాగుతుంది? ఫ్రెంచి ఆలోచనాపరుడు రెనే జిరార్డ్ 1961లో తన మొదటి పుస్తకంలో దీనికి ఒక సమాధానం ఇచ్చాడు. మనిషి చాలా కోరికలను సొంతంగా కోరడు, మరొకరు కోరుతున్నారని చూసి కోరతాడు అంటాడు. చుట్టూ అందరూ టికెట్టు గురించే మాట్లాడుతుంటే, అప్పటిదాకా ఆ నాటకం పేరు వినని మనిషికి కూడా అది లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. విషయాలను పదేపదే తలచుకుంటే వాటి మీద సంగం, సంగం నుంచి కామం, తీరని కామం నుంచి క్రోధం పుడతాయని భగవద్గీత రెండో అధ్యాయం వివరించే క్రమం కూడా ఇక్కడ వర్తిస్తుంది.

అయితే ఎదురుచూపు అంతా దోషం కాదు. పద్య నాటకాలు వెలిగిన రోజుల్లో తెలుగు ప్రేక్షకులు తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలకు బండ్లు కట్టుకుని వెళ్లేవారు. రాయబారం ఘట్టంలో ఏ పద్యం తరువాత ఏ పద్యం వస్తుందో వారిలో చాలామందికి కంఠతా వచ్చు. నటుడు రాగం ఎలా తీస్తాడో, ఏ మాట దగ్గర ఆపుతాడో వినడానికే వెళ్లేవారు. నచ్చితే ‘వన్స్ మోర్’ అని కేక వేసి మళ్లీ పాడించుకునేవారు. ఆ ఉత్సాహం నాటకం లోపలి నుంచి పుట్టింది. క్రేజు మాత్రం నాటకం బయటి నుంచి, ఎందరికి దొరకలేదన్న లెక్క నుంచి పుడుతుంది. మొదటిది ప్రేక్షకుణ్ణి సిద్ధం చేస్తుంది. రెండోది తొందరపెడుతుంది.

రసానికి విఘ్నం

పదో శతాబ్దం చివర, పదకొండో శతాబ్దం మొదట కాశ్మీరంలో జీవించిన అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్యలో రసానుభవానికి అడ్డుపడే ఏడు విఘ్నాలను వివరించాడు. వాటిలో ఒకటి ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశమై ఉండటం. తన కొడుకు పెళ్లి ఆనందంలోనో, తన ఇంటి కష్టంలోనో మునిగినవాడు రంగస్థలం మీది దుఃఖాన్ని అందరి దుఃఖంగా ఆస్వాదించలేడు. రసం కలగాలంటే ‘నేను, నాది’ అన్న పట్టు కాసేపు సడలాలి. సంగీతం, రంగాలంకరణ, నాటకానికి ముందు జరిగే పూర్వరంగం ఆ పట్టును సడలించడానికే ఉన్నాయి.

ఎంతో ప్రయాసతో సంపాదించిన టికెట్టు ఆ పట్టును బిగిస్తుంది. తెర లేచినా మనసు పెట్టిన ఖర్చును లెక్కేస్తుంటుంది, దక్కినందుకు గర్వపడుతుంటుంది, ఇంత పెట్టాక నచ్చి తీరాలని తనను తాను బలవంతపెడుతుంటుంది. అందానికి సంబంధించిన తీర్పులో స్వప్రయోజనం కలవకూడదని 1790లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ చెప్పిన మాట కూడా ఇటే చూపుతుంది.

దీనికి ఒక ప్రతివాదం ఉంది. కష్టపడి సంపాదించినదాన్నే మనిషి శ్రద్ధగా చూస్తాడు, ఊరికే వచ్చినదాన్ని లెక్కచేయడు అంటారు. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి పనికొస్తుంది. ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాలలో సీజన్ టికెట్టు కొనడానికి వచ్చినవారిలో కొందరికి 15 డాలర్ల పూర్తి ధరకు, మిగిలినవారికి వారు అడగకుండానే 2 లేదా 7 డాలర్ల తగ్గింపుతో టికెట్లు ఇచ్చారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర ఇచ్చినవారు ఎక్కువ నాటకాలకు వచ్చారు. రెండో సగంలో ఆ తేడా కనిపించలేదు. ధర మనిషిని కొంతకాలం తలుపు దాకా తీసుకురాగలదు. లోపల జరగవలసింది దాని చేతిలో లేదు. అదీగాక, చెల్లించిన డబ్బు వృథా కాకూడదని వచ్చినవాడి మనసు ఇంకా ఆ డబ్బు దగ్గరే ఉంటుంది.

కుర్చీ ప్రయోజనం

మంచి పిల్లనగ్రోవులు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు అరిస్టాటిల్ ‘పాలిటిక్స్’లో సమాధానం చెప్పాడు. గొప్ప వంశంలో పుట్టినవారికో, అందమైనవారికో కాదు, బాగా వాయించేవారికి ఇవ్వాలన్నాడు. వస్తువు ఎందుకు ఉందో తెలిస్తే అది ఎవరికి చెందాలో తెలుస్తుందన్నది అతని వాదన. నాటకశాలలో కుర్చీ ఉన్నది రసానుభవం కోసం. అప్పుడు అది సహృదయుడికి చెందాలి. కానీ తలుపు దగ్గర హృదయాన్ని కొలిచే సాధనం లేదు. పైగా సహృదయుడు పుట్టుకతో తయారై రాడు. కావ్యాలను పదేపదే చదివి, నాటకాలను పదేపదే చూసి మనసు అద్దంలా నిర్మలమైనవాడే సహృదయుడని అలంకారికులు చెప్పారు. ఎన్నడూ లోపలికి రానివ్వని మనిషికి ఆ అభ్యాసమే దొరకదు. కాబట్టి ఇప్పటికే సిద్ధమైనవారికి మాత్రమే ఇవ్వడం కూడా అన్యాయమే. కొత్తవారిని లోపలికి పిలవడం, పిలిచినవారిని సిద్ధం చేయడం రెండూ జరగాలి.

అది సాధ్యమేనని ‘హామిల్టన్’ బృందమే చూపించింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో, గిల్డర్ లేర్మన్ చరిత్ర సంస్థతో కలిసి 20,000 మంది న్యూయార్క్ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు 10 డాలర్ల టికెట్టు ఇచ్చే కార్యక్రమం 2016లో మొదలైంది. ఆ పిల్లలు ముందుగా తరగతిలో హామిల్టన్ కాలపు లేఖలు, పత్రాలు చదివారు. వాటి ఆధారంగా సొంతంగా పాటలు, కవితలు, చిన్న దృశ్యాలు రాశారు. నాటకం చూసే రోజున వారిలో కొందరు ఆ పెద్ద రంగస్థలం మీదే వాటిని ప్రదర్శించారు. ఇక్కడ టికెట్టు కొరతకు బహుమతి కాలేదు, అభ్యాసానికి కొనసాగింపు అయింది.

ధరను పూర్తిగా తీసేయడం అన్నిచోట్లా కుదరదు. నటులు, సాంకేతికులు, హాలు సిబ్బంది బతకాలి. ఇవ్వగలిగినవారు ఎక్కువ ఇవ్వడంలో దోషం లేదు. కొన్ని కుర్చీలు లాటరీకి, కొన్ని వరుసలో వచ్చేవారికి, కొన్ని తొలిసారి చూసేవారికి కేటాయించడం, దళారికి తావు ఇవ్వకపోవడం న్యాయానికి దగ్గరి దారి. ఏ ఒక్క పద్ధతీ ఒంటరిగా న్యాయం చేయలేదు కాబట్టి వాటిని కలపక తప్పదు. ప్రేక్షకుడి బాధ్యత వేరు. ఎందరికి దొరకలేదన్నది మరచి, రంగస్థలం మీద ఏం జరుగుతోందన్న దాని మీద మనసు నిలపడం అతని పని. అందరికీ చెందాలని పుట్టిన కళ కొద్దిమందికే అందుతున్నప్పుడు, ఆ కొద్దిమంది దానికి చెల్లించవలసిన అసలు మూల్యం శ్రద్ధ.