దైవం అయిదో కారణం

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్కల్లోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి 'రాత' అనుకుంటే అది ఆమెకు ఊరట, కాదనే హక్కు ఎవరికీ లేదు. అదే మాట ప్రభుత్వం అంటే?

గీత పద్దెనిమిదో అధ్యాయం ప్రతి పనికీ అయిదు కారణాలు చెబుతుంది: ఆశ్రయం, కర్త, సాధనాలు, ప్రయత్నాలు, చివరగా దైవం. దైవాన్ని తీసేయలేదు, అయిదో చోట ఉంచింది. తుపాను ముందస్తు హెచ్చరిక సాధనాల్లోకీ ప్రయత్నాల్లోకీ వస్తుంది. అవి జరగకుండానే దైవాన్ని తలవడం భక్తి కాదు, బాధ్యత తప్పించుకోవడం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. తీరగ్రామాలను ముందే ఖాళీ చేయించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. గాలి తగ్గాక మాత్రం కరెంటు లేదు, సెల్‌టవర్లు పడిపోయాయి. నీళ్ళ ట్యాంకరు ఎక్కడికొస్తుందో చెప్పాలన్నా ఫోను పలకదు.

2023లో దేశమంతటా ఫోన్లలో ప్రయోగాత్మకంగా మోగించిన అత్యవసర సందేశానికి ఎవరి నంబరూ అక్కర్లేదు. టవరు పరిధిలో ఉన్న ఫోనుకు అందుతుంది. మంచి ఏర్పాటే. కానీ చార్జింగ్ అయిపోయిన ఫోనుకు, అసలు ఫోనే లేని ముసలామెకు? పంపడంతో ధర్మం తీరిందా, చేరితేనే తీరుతుందా? చేరితేనే. అందుకే దండోరా, ఆటో మైకు, గడప గడపకూ తిరిగే మనిషి ఇంకా కావాలి.

విన్నా కదలనివాళ్ళుంటారు. అప్పు చేసి కొన్న పడవ, వల, గేదె ఒడ్డునే ఉంటాయి. వాటికీ చోటు చూపకుండా 'వెళ్ళిపోండి' అంటే ఆ హెచ్చరిక సగమే.