దండధర్మమునకు ప్రమాణమేది?

దండమును తీక్ష్ణముగా ప్రయోగించు రాజును చూచి ప్రజలు భీతిల్లుదురనియు, మృదువుగా ప్రయోగించువానిని లెక్కచేయరనియు, తగినట్లుగా ప్రయోగించువాడే పూజ్యుడగుననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పియున్నాడు. ఇందు మొదటి రెండు మాటలు ఎవరికైనను సులభముగా బోధపడును. చిక్కంతయు మూడవదానిలోనే యున్నది. తగినది యేదియో దండధారికి తెలియుటెట్లు? శాస్త్రము విధించినదే తగినదా, పెద్దలు ఆచరించి చూపినదా, లేక ప్రయోగించిన పిదప కలిగిన ఫలమును కొలిచి నిర్ణయింపవలసినదా?

నేడు ఈ ప్రశ్నను పట్టుదలతో అడుగుచున్నవారు వేదాంతులు కారు, నడివయసున మరల పుస్తకము పట్టిన పోలీసు అధికారులు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున 1959లో నెలకొన్న నేరశాస్త్ర సంస్థలో, ఉద్యోగము చేయుచునే చదువుకొను అధికారులకు స్నాతకోత్తర విద్య కలదు. పోలీసుల పని పరిశోధనలో నిలిచిన సాక్ష్యముపై ఆధారపడవలెనని లారెన్స్ షెర్మన్ అను అమెరికా ఆచార్యుడు 1998లో చేసిన ప్రతిపాదన దానికి ప్రాణము. విద్యార్థి తన పరిధిలోని గస్తీనో, అరెస్టులనో, హెచ్చరికలనో తీసికొని, వానివలన నేరము తగ్గెనా, అవి లేకున్నను తగ్గియుండెడిదా యని పరీక్షించి సిద్ధాంతవ్యాసము వ్రాయవలెను. ఏండ్లతరబడి యూనిఫారము ధరించినవానికి ఇది సామాన్యమైన తపస్సు కాదు. తాను ఇంతకాలము నమ్ముకొన్న అనుభవమునే ముద్దాయిగా బోనులో నిలబెట్టవలసి వచ్చును.

ఈ మార్గమునకు తొలి మెట్లలో నొకటియైన ప్రయోగము 1981, 82 సంవత్సరములలో అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జరిగినది. ఇంటిలో స్త్రీని పురుషుడు కొట్టెనని కబురు రాగా పోలీసువాడు వెళ్లును. దెబ్బలు తీవ్రమైనవి కానిచో అతడు చేయదగిన పనులు మూడు: కొట్టినవానిని అరెస్టు చేయుట, ఎనిమిది గంటలపాటు ఇల్లు విడిచి పొమ్మనుట, ఇరువురికిని నచ్చజెప్పి వచ్చుట. ఏది చేయవలెనో తేల్చునది అతని వివేకము కాదు, అతని చేతిలోని ఫారముల పుస్తకము. అందు మూడు రంగుల కాగితములు చీట్లు కలిపినట్లు వరుస తప్పించి అమర్చబడియుండును. పైకి వచ్చిన కాగితపు రంగేదియో ఆ ఇంటికి ఆ దండము. ఆరు నెలల పిదప పోలీసు రికార్డులను చూడగా, మరల హింసకు దిగినట్లు తేలినవారు అరెస్టయినవారిలో నూటికి 10 మంది, నచ్చజెప్పబడినవారిలో 19 మంది, ఇల్లు వెడలగొట్టబడినవారిలో 24 మంది.

న్యాయమును చీటీ వేసి పంచుట అధర్మము కాదా యని చదువరికి తోచుట సహజము. తలుపు తీసిన స్త్రీ రక్షణ కోరినదే గాని పరిశోధనకు సమ్మతించలేదు గదా! ఈ ఆక్షేపణను నేను చులకన చేయజాలను. అయినను ఆ కాగితము రాకముందు అచట ఏమున్నదో కూడ ఆలోచింపవలెను. వచ్చిన పోలీసువాని ఓపిక, ఆ వీథిపై అతనికున్న అభిప్రాయము, నిందితుని మాటతీరు, ఒంటిరంగు, ఇవియే దండమును నిర్ణయించుచుండెడివి. ఆ చీటీకి పక్షపాతమున్నది. ఈ చీటీకి లేదు. మూడింటిలో ఏది మేలో నిజముగా తెలియని కాలమున, తెలిసినట్లు నటించుటకంటె తెలిసికొనుటకు పూనుకొనుట నిజాయితీగల పని యని నా నమ్మకము.

కాని అసలైన పరీక్ష తరువాత వచ్చినది. మినియాపొలిస్ ఫలితము వెలువడిన కొలది సంవత్సరములలో అమెరికాలోని అనేక రాష్ట్రములు ఇట్టి కేసులలో అరెస్టును తప్పనిసరి చేయు శాసనములను గావించినవి. అదే ప్రయోగమును ఇతర నగరములలో మరల చేయగా ఒమహాలోను షార్లెట్‌లోను అరెస్టువలన విశేషలాభము కానరాలేదు. 1987, 88లలో 1,200 కేసులపై జరిగిన మిల్వాకీ ప్రయోగములో ఇంకను వింతయైన సంగతి బయటపడినది: ఉద్యోగమున్నవానిని అరెస్టు చేసినచో హింస తగ్గెను, నిరుద్యోగిని చేసినచో పెరిగెను. ఈ సంగతి మన తార్కికులకు కొత్తది కాదు. నిప్పున్నచోటనెల్ల పొగ యుండుననువానికి, ఆంధ్రుడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు తర్కసంగ్రహమున ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండును చూపును. అందు నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టుటకు పచ్చికట్టెల సంయోగము కావలెను. ఒకటున్నచోట మరొకటి తప్పక యుండుననెడి వ్యాప్తిని చెడగొట్టు ఆ మరుగుపడిన నియమమునకే ఉపాధి యని పేరు. మిల్వాకీలో ఉద్యోగము అట్టి ఉపాధి. దానిని చూడక శాసనము చేసినవారు కొలత చేతనుంచుకొనియు తొందరపడిరి.

ఇక ధర్మసంకటము ముదురుచున్నది. సాక్ష్యమునే ప్రభువుగా అంగీకరించినచో, జీతగానిని అరెస్టు చేసి, అదే దెబ్బ కొట్టిన నిరుద్యోగిని విడిచిపెట్టవలెను గదా! ఒకే నేరమునకు వర్ణమును బట్టి వేర్వేరు దండములను విధించిన స్మృతులను కాదని, చట్టము ముందు అందరును సమానులని మన రాజ్యాంగము 14వ అధికరణమున చాటినది. వాకిట వెళ్లగొట్టిన వైషమ్యము గణితము పేర దొడ్డిదారిన రారాదు. ధర్మము ప్రత్యక్షాదులకు గోచరింపదని, విధివాక్యమే దానికి ప్రమాణమని మీమాంసకులు పట్టుబట్టుటలోని సారము నాకిచట కనబడుచున్నది: ఏది జరుగునో లెక్కలు చెప్పగలవు, ఎవరికి ఏమి ఋణపడియున్నామో చెప్పలేవు.

అంతమాత్రమున విధిని పాటించితిమి, ఫలముతో మాకేమి యనుటకు వీలున్నదా? మిల్వాకీ కేసులలోని స్త్రీలు ఏమైరో పరిశోధకులు 23 ఏండ్ల పిదప వెదకిరి. తమ పురుషుని హెచ్చరించి విడిచిపెట్టిన స్త్రీలకంటె, అరెస్టు చేయగా చూచిన స్త్రీలలో మరణములు నూటికి 64 వంతులు అధికముగా నుండెను. ఆ మరణములలో అధికభాగము హత్యలు కావు, హృద్రోగాది వ్యాధులు. ఆమెను కాపాడుటకే చేసిన పని ఆమె గుండెలో ఏ భారమును మిగిల్చెనో ఏ ఫారమునందును వ్రాయబడలేదు. ఈ సంఖ్యను చూపి అరెస్టు వలదని నేననను. కొట్టినవానిని రాజ్యము పట్టుకొనుట ఆ స్త్రీకి మనము పడిన ఋణము. కాని పట్టుకొనిపోయిన మరునాడు ఆ ఇంటికి ఎవరు వెళ్లుదురు, ఆమె భోజనమునకు, నిద్రకు, భయమునకు ఎవరు పూచీ, అను ప్రశ్న ఇప్పుడు కరుణకే విడిచినది కాదు. తెలిసిన పిదప అది విధి. ఫలము ధర్మమును సృష్టింపదు గాని, ఫలము తెలిసినవాని ధర్మము తెలియనివాని ధర్మముకంటె బరువైనది.

హైదరాబాదు శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో కేంబ్రిడ్జి ఆచార్యులు మన సీనియరు అధికారులకు పాఠములు చెప్పియున్నారు. ఈ విద్యను తెలుగునాట విశ్వవిద్యాలయములు స్వయముగా బోధింపబూనినచో, సంఖ్యాశాస్త్రము సరసనే తర్కసంగ్రహములోని ఉపాధి విచారమును, రాజ్యాంగములోని 14వ అధికరణమును పాఠ్యముగా చేర్చవలెననియు, ఫిర్యాదు చేసిన మనిషి తరువాత ఏమైనదో వెదకి వ్రాయని సిద్ధాంతవ్యాసమునకు పట్టమీయరాదనియు ఆచార్యులకు నా విన్నపము.