చివరి నీరు ఎవరిది?

ధ్యానభాగము: యెహెజ్కేలు 34:17–19



కొన్ని సంవత్సరముల క్రిందట, ఆరుద్ర కార్తె వానలు పడిన దినములలో, మా సంఘములోని ఒక యౌవనుడు పెద్ద కొర్రమీనును పట్టి తెచ్చి మా యింటిలో ఇచ్చెను. సంతోషముతో వండించుకొని తింటిమి. ఆ సాయంకాలము చెరువు కట్టమీద చేపలు పట్టు పెద్దాయన ఒకడు నాతో, “అయ్యగారూ, ఆ కొర్రమీను పిల్లలను కాచుకుంట ఉండె. మీరు తిన్నది ఒక్క చేపను గాదు, వచ్చే యేటి చేపలను” అనెను. నాకు జవాబు తోచలేదు. పిల్లలతోనున్న తల్లిపక్షిని పట్టుకొనరాదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమునుండి నేనే ప్రసంగించియున్నాను. అయినను నా పళ్లెములోని దానిని గుర్తుపట్టలేకపోతిని.

కొర్రమీను సంగతి మీకు తెలియును. తుంగ, నాచు పెరిగిన లోతులేని నీటిలో గూడు చేసికొని గ్రుడ్లు పెట్టును. ఎర్రని పిల్లలు మందగా తిరుగుచుండగా పెద్ద చేపలు దగ్గరనే యుండి కావలి కాయును. బొచ్చె, రోహు అట్టివి కావు. అవి పారెడు వరదనీటిలో గ్రుడ్లు పెట్టును గాని నిలిచిన చెరువులో పెట్టవు. అందుచేతనే ఏటేట వాటి పిల్లలను తెచ్చి వదలవలసి యున్నది. 1957లో హీరాలాల్ చౌదరి అను శాస్త్రజ్ఞుడు ఒడిశాలో సూదిమందు ఇచ్చి ఆ జాతుల చేత గ్రుడ్లు పెట్టించు మార్గము కనుగొనిన తరువాతనే ఆ పిల్లలు విరివిగా దొరకుచున్నవి. కొర్రమీనునకు మన చెరువులో అట్టి సహాయము అక్కరలేదు. దానికి కావలసినది ఒడ్డున కొంచెము తుంగ, ఎండకాలములో మడుగున కొంచెము నీరు. ఇప్పుడది మన తెలంగాణ రాష్ట్రపు చేప. పేరు దక్కినది. నీరు దక్కినదా?

ఈ ప్రశ్న మన చెరువుతోనే ఆగదు. హైదరాబాదు మహానగరము దప్పిగొనియున్నది. ఆ దప్పి అబద్ధము కాదు. మన పిల్లలు అనేకులు అక్కడనే కూలి చేసికొని, చదువుకొని, ఆ నీళ్లే త్రాగుచున్నారు. 1965 మొదలుకొని మంజీర నీరు ఆ నగరమునకు పోవుచున్నది. 2015లో ఎల్లంపల్లినుండి గోదావరి నీరు మన కొండపాక ప్రక్కగా గొట్టములలో పోవుట మొదలైనది. మన మల్లన్నసాగరునుండి మరింత నీరు తీసికొనిపోవు పథకమునకు 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగినది. మల్లన్నసాగరు 50 టి.యం.సి.ల జలాశయము, 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ఆ నీటి క్రింద మన పొరుగువారి ఊళ్లు మునిగియున్నవి. అంత వెల యిచ్చి నిలిపిన నీటిని తేలికగా చూడరాదు.

అయితే ఆ నీటిలో బ్రతుకు ప్రాణులకు అందులో పాలు కలదా? నదిలో నీరు ఋతువును బట్టి పెరిగి తగ్గును. మోటార్లతో ఎత్తిపోసిన జలాశయములో మీటను బట్టి పెరిగి తగ్గును. ఒడ్డున చేప గూడు పెట్టిన వారములోనే నీరు మూరెడు దిగినయెడల గ్రుడ్లు ఎండిపోవును. ఎవరును పగబట్టి చేయలేదు; ఎవరును తలంచలేదు, అంతే. లోకములోని నష్టములలో ఎక్కువ భాగము ఇట్లు తలంపు లేకపోవుటవలననే కలుగుచున్నది.

“మనుష్యులకంటె చేపలు ఎక్కువా?” అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మనము అనేకమైన పిచ్చుకలకంటె శ్రేష్ఠులమని ప్రభువే చెప్పియున్నాడు (మత్తయి 10:31). అయితే ఆ పిచ్చుకలలో ఒక్కటియైనను తండ్రికి తెలియకుండ నేల పడదని ఆ చోటనే చెప్పెను. ఎక్కువ విలువ గలవారమనుట వేరు, మనకు తప్ప మరి దేనికిని విలువ లేదనుట వేరు. ఆదికాండము తెరచి చూడుడి. పరిశుద్ధ గ్రంథములో దేవుడు పలికిన మొదటి ఆశీర్వాదము నరునికి కాదు. జలచరములకును పక్షులకును (1:22). మనము పుట్టకముందే నీటిలో వాటికి చోటియ్యబడినది. ఐగుప్తులో నదియందలి చేపలు చచ్చిన తరువాత జనులు ఆ నీళ్లు త్రాగలేకపోయిరి (నిర్గమ 7:21). చేప బ్రతుకలేని నీరు నరునికిని మేలు చేయదు.

రెండు పనులు కలిసి సాగునా? సాగునని చెప్పుటకు సాక్ష్యము మనకు దూరములేదు. సింగూరుకును మంజీర ఆనకట్టకును నడుమనున్న నీటిని 1978లో అభయారణ్యముగా చేసిరి. నగరము త్రాగెడు ఆ నీటిలోనే మొసళ్లు, కొంగలు, చేపలు బ్రతుకుచున్నవి. సముద్రము దాటి చూచినను, అమెరికాలోని సియాటిల్ నగరము సీడరు నదినుండి త్రాగునీరు తీసికొనుచున్నది. సాల్మన్ అను చేప సముద్రమునుండి ఆ నదిలోనికి వచ్చి గ్రుడ్లు పెట్టును. నగరపు ఆనకట్ట నూరేండ్లు దాని త్రోవను మూసివేసెను. 2000లో ఆ నగరము 50 ఏండ్ల ఒడంబడిక చేసికొని, చేపలకొరకు నదిలో ఇంత నీరు విడువవలెనని ఒప్పుకొనెను. 2003లో చేపలు ఎక్కిపోవుటకు మెట్లమార్గము తెరచెను. విస్తారముగా వచ్చి అక్కడనే చచ్చు ఒక జాతిని మాత్రము త్రాగునీటి శుభ్రతకొరకు ఆనకట్ట పైకి పోనియ్యరు. నరుని దప్పిని మరువలేదు, చేపనును మరువలేదు.

జలాశయములో తూముకంటె క్రిందనున్న నీటిని ఇంజనీర్లు డెడ్ స్టోరేజి, అనగా చచ్చిన నిల్వ అందురు. మన లెక్కకు అది చచ్చినదే, పారదు గనుక. కాని ఎండకాలమంతయు ప్రాణము దాగియుండునది అందులోనే. 2016 వేసవికి ముందే సింగూరు, మంజీర ఎండి, నగరమునకు ఆ వైపు సరఫరా నిలిచిపోయెను. అట్టి కరవులో బిడ్డ దప్పి ముందు తీర్చవలసినదే; నేను కాదనను. కాని కరవులేని ఏట కూడ చివరి బిందెవరకు లెక్కకట్టుకొను అలవాటు దప్పి కాదు, ఆశ.

పొలము కోయునప్పుడు ఓరలు పూర్తిగా కోయవద్దనియు, పరిగె ఏరుకొనవద్దనియు ప్రభువు ఆజ్ఞాపించెను (లేవీయ 19:9). పొలము నీదే, పంట నీదే. అయినను చివరిది నీది కాదు. చెరువు అడుగున మిగిలిన నీరు చేపల పరిగె అని నేను తలంచుచున్నాను.

నగరమును నిందించి మనము ఇంటికి పోవుటకు వీలులేదు. యెహెజ్కేలు ద్వారా దేవుడు మందలోని బలిసిన గొఱ్ఱెలను నీళ్లు త్రాగినందుకు గద్దింపలేదు. త్రాగి, మిగిలినదానిని కాళ్లతో బురదచేసినందుకు గద్దించెను. పురుగుమందు డబ్బాలను చెరువులో కడుగునది ఎవరు? యాసంగి వరికి చివరి తడికని మడుగులో మోటారు దించునది ఎవరు? సన్నకన్ను వలతో వేలెడు పిల్లలను ఊడ్చునది ఎవరు? పిల్లలను కాచు కొర్రమీనును కొట్టి తెచ్చినది ఎవరు, తిన్నది ఎవరు? మొదట నన్ను లెక్కించుకొందును.

కాబట్టి మన ఊళ్లలో ఇది చేయుదము. ఒడ్డున ఒక ప్రక్క తుంగ ఉండనిత్తము. లోతు మడుగు నీటిని తోడకుందము. వానకారు మొదట పిల్లలతోనున్న చేపను ముట్టకుందము. మల్లన్నసాగరు సంగతి సభలలో వచ్చినప్పుడు, బెస్తవారితోను ముదిరాజు సహోదరులతోను కలిసి నిలిచి, నీరు దించునప్పుడు చేపల కాలము చూడుడని అధికారులను మర్యాదగా అడుగుదము. మన మడుగును మనము కాచినయెడల ఆ మాట చెప్పుటకు మనకు నోరుండును.

ప్రార్థన: తండ్రీ, మాకు నీళ్లిచ్చిన నీకు స్తోత్రము. త్రాగుటకు మాకు హక్కు ఇచ్చితివి. విడిచిపెట్టుటకు మనస్సును కూడ ఇమ్ము. ఆమేన్.