తంత్రి ఎవరిది?

ఒక వస్తువును చూపి “ఇది మాది” అని మనము అనునప్పుడు ఆ మాటకు ఆధారమేమి? పుట్టుకయా, వారసత్వమా, వాడుకయా? తరతరములుగా ఆంధ్రదేశమునకు వెలుపల కాపురముండి, ఇంట తెలుగును, వీథిలో వేరొక భాషను పలుకుచున్న మనబోటి కుటుంబములకు ఇది కేవలము పండితుల వాదము కాదు. మన పిల్లలే నేడో రేపో మనలను అడుగబోవు ప్రశ్న ఇది. దీనికి సమాధానము వెదకుటకు తంత్రీవాద్యముల చరిత్ర మంచి తోవ చూపును. అంతగా దేశములు తిరిగినవి, అంతగా రూపములు మార్చుకొన్నవి మరి కొన్ని వస్తువులే యుండును.

తంత్రికి గల ధర్మము మాత్రము ఎల్లెడల ఒక్కటే. బిగించిన తంత్రిని సరిగా సగమున నొక్కి మీటినచో పై షడ్జము పలుకును; మూడింట రెండు వంతుల పొడవును పలికించినచో పంచమము వినిపించును. ఈ నియమము ఏ జాతి సొత్తును కాదు. ఇరాకు దేశములోని ఊర్ నగరపు సమాధులలో సుమారు 4500 ఏండ్ల నాటి తంత్రీవాద్యములు బయల్పడినవి. మన దేశమున భరతుని నాట్యశాస్త్రము 7 తంత్రుల చిత్రవీణను, 9 తంత్రుల విపంచిని పేర్కొన్నది. సముద్రగుప్తుని బంగారు నాణెములపై ఆ చక్రవర్తి వీణ మీటుచు కూర్చుండి కనిపించును. అయితే ఆ వీణ నేటి వీణ కాదు. విల్లువలె వంగిన కొమ్ము, దానికి వరుసగా కట్టిన తంత్రులు, స్వరమున కొక తంత్రి; మెట్లు లేవు. మన కృష్ణాతీరమున అమరావతి శిల్పులు చెక్కినదియు ఇట్టి వీణనే. తమిళ సంగ సాహిత్యము కీర్తించిన యాళ్ కూడ ఈ కుటుంబమునకు చెందినదే.

ఆ విల్లువీణ ఏమైనది? రాజులు దానిని మీటిరి, కవులు కొనియాడిరి, శిల్పులు రాతిలో నిలిపిరి. అయినను ఈ గడ్డపై అది దాదాపు మాసిపోయినది. దానిని పట్టవలసిన చేతులు వేరు వాద్యములను పట్టినవి. పుట్టినచోటు దానిని కాపాడలేకపోయినది. వింత యేమనగా, దాని వంశమునకు చెందిన ‘సౌంగ్’ అను వాద్యము సముద్రమున కావలి బర్మాదేశమున నేటికిని పలుకుచున్నది. పుట్టింట అంతరించినది మెట్టినింట నిలిచినది. అచ్చటి గురువులు నేర్పుట మానలేదు, శిష్యులు నేర్చుట మానలేదు. అంతకుమించిన రహస్యమేమియు లేదు.

ఇందుకు ఎదురుగా ఫిడేలు కథను చూడుడు. అది ఐరోపాలో పుట్టినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మదరాసులో ఒక ఐరోపా విద్వాంసుని వద్ద దానిని నేర్చి, మన సంగీతమునకు మలచెను. ఐరోపా వాదకుడు నిలుచుండి గడ్డము క్రింద దానిని అదుముకొనును. మన వాదకుడు నేలపై కూర్చుండి దాని కొనను కుడిపాదముపై ఆనించును. తంత్రుల శ్రుతియు మారి, షడ్జ పంచమములు రెండు స్థాయిలలో పలుకుచున్నవి. బెంగుళూరున జన్మించిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారు (1893–1964) 1919లో విజయనగరపు సంగీత కళాశాలలో ఆచార్యులైరి, 1936లో అధ్యక్షులైరి. వారి కమాను క్రింద పలికిన రాగమును విని ఇది పరదేశి యని ఎవరనగలరు? ఫిడేలు తన శ్రుతిని మార్చుకొన్నది గాని తన 4 తంత్రులను, కమానును వదలుకొనలేదు. కలసిపోవుట వేరు, కరగిపోవుట వేరు అని అది మనకు నేర్పుచున్నది.

ఇక వీణ. నేటి వీణకు 24 మెట్లు స్థిరముగా అమరినది తంజావూరి రఘునాథ నాయకుని కాలమున, అనగా 17వ శతాబ్ది తొలిపాదమున, అని ప్రతీతి. ఆ రాజు తెలుగు కవి, ఆయన మంత్రి గోవింద దీక్షితులు కన్నడ వంశీయుడు, నేల తమిళనేల. ఆ వీణ ఎవరిది? ఉత్తరాంధ్రమున బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి శిల్పులు ఒకే పనసదుంగను తొలిచి ఏకాండి వీణను చేయుదురు. తంజావూరి శిల్పులును పనసకొయ్యనే చెక్కుదురు. ఆ పని చూచినవారికి “ఎవరిది” అను ప్రశ్న తేలిపోయి, “ఎవరు దీనిని నిలుపుచున్నారు” అను ప్రశ్న మిగులును. మెట్లు స్థిరపడుటలో లాభమే కాదు, నష్టమును కలదు. రాగమును బట్టి మెట్లను జరుపుకొను పూర్వపు అలవాటు పోయినది. ఏ మార్పైనను కొంత వెల అడుగును. ఆ వెలను ఎరిగి చెల్లించుట వివేకము, ఎరుగక పోగొట్టుకొనుట ఏమరుపాటు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు: వాడుకయే ప్రమాణమైనచో, చేజిక్కించుకొన్న ప్రతివాడును సొంతదారుడే కాడా? కాడు. “మాది” అను మాటలో హక్కు కంటె ఋణము పెద్దది. చెక్కిన చేతికి, నేర్పిన గురువునకు, ముందు తరమునకు మనము బాకీ పడియున్నాము. ఆ బాకీని ఒప్పుకొనని వాడుక దోపిడి యగును. ఈ కొలతతో మనలను మనము కొలుచుకొనవలెను. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల కొలువున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున కిన్నరీవీణకు స్థానమున్నది. వెదురుబొంగు, సొరబుర్రలతో చేసిన కిన్నెరను తెలంగాణమున డక్కలి కళాకారులు పల్లెపల్లెకు మోసి, వీరుల కథలు పాడిరి. 12 మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. అంతవరకు మన సభలలో ఎన్నిటికి ఆ వాద్యము పేరైన తెలిసెను? వీణను “మాది” అని గర్వించు మనము కిన్నెరను ఆ మాటలో చేర్చుకొంటిమా? వాయించువాని కులమును చూచి వాద్యమును దూరముంచినచో, ఆ “మాది” లో సగము అబద్ధము.

కనుక మన పిల్లలకు చెప్పవలసిన సమాధానము ఇది. పుట్టుక చేత వచ్చినది మనది కావచ్చును, కాకపోవచ్చును. నిత్యము చేత పట్టి, శ్రుతి సరిచూచి, తెగిన తంత్రిని మార్చి, మరియొకరికి నేర్పినది మాత్రమే మనదై నిలుచును. అద్దాల బీరువాలో చిలుము పట్టిన తంత్రులతో నున్న వీణ ఇంటి అలంకారమే గాని ఇంటి సంగీతము కాదు. ఉగాదినాడు వేదికపై మాత్రమే పలుకు తెలుగును అట్టిదే. ఇరుగుపొరుగు భాషను ఆదరించుటవలన మన భాషకు చేటు రాదు. ఫిడేలు వచ్చి వీణను చంపలేదు. ఇంట మాటలాడకపోవుట వలననే చేటు. తమిళనాటనో, కన్నడసీమలోనో, ఉత్కళముననో, మహారాష్ట్రముననో, యానాముననో మన ముంగిట ఒక బాలిక తప్పుతప్పుగా తెలుగు చదువుచున్నచో, నవ్వక ప్రక్కన కూర్చుండి దిద్దుదము. తొలినాడు ఏ చేతిలోను తంత్రి సరిగా పలుకదు.